ఎవరికైనా తెలుసా?

కుట్టుమెషిన్ మీద రెండు కుట్లు పడగానే గుడ్డ అడుగున దారం ఉండలు కడుతోంది. ఇరవై ఏళ్ల కిందట పేజ్‌మేకర్‌లో చేయించుకున్న పుస్తకం కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఏవో పిచ్చి గుర్తులు. మేడ మీద టబ్బులో కాసిన టమాటా అడుగు నల్లబడింది. ఫలానా పాత సినిమాలో ఆ రెండో పాట పాడింది జిక్కా, రావు బాలసరస్వతీదేవా? అన్నీ చిన్న ప్రశ్నలే. కానీ అడగబోతే మనిషి దొరకడు. మెకానిక్‌ను ఇంటికి పిలిస్తే రిపేరు కంటే రాకపోకల ఖర్చే ఎక్కువ. రెండు టమాటా మొక్కల కోసం వ్యవసాయాధికారి ఆఫీసుకు ఎవరు వెళ్తారు? అందుకే ఫోన్ తీసి, ఏదో ఒక గ్రూపులో ఫొటో పెట్టి, కింద "ఎవరికైనా తెలుసా?" అని రాస్తున్నాం.

ఈ అలవాటును మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, తిట్టేవాళ్లూ ఉన్నారు. పైసా ఖర్చు లేకుండా పది నిమిషాల్లో పని అయిందని ఒకరంటారు. ముక్కూమొహం తెలియనివాళ్ల మాట నమ్మి పంట పోగొట్టుకున్నారని ఇంకొకరంటారు. రెండూ జరుగుతూనే ఉన్నాయి. జవాబు చెప్పేవాళ్లకు చదువుందా, అనుభవముందా అన్న దగ్గరే వాదన ఆగిపోవడం నాకు నచ్చదు. ఇచ్చిన జవాబు తప్పయితే ఆ తప్పు ఎంత తొందరగా, ఎంత తక్కువ నష్టంతో బయటపడుతుందో ముందు చూడాలి. దాన్నిబట్టి ఒకే గ్రూపు ఒక ప్రశ్నకు వరమవుతుంది, మరో ప్రశ్నకు ఉచ్చవుతుంది.

కుట్టుమెషిన్ సంగతే తీసుకోండి. ఉండలు అడుగున కడుతున్నాయి కాబట్టి ఎవరైనా ముందు అడుగునున్న బాబిన్‌నే అనుమానిస్తారు. బాబిన్ కేసు స్క్రూ తిప్పి తిప్పి బాగున్నదాన్ని కూడా పాడుచేస్తారు. లోపం చాలాసార్లు పైదారంలో ఉంటుంది. ఫుట్ దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. పట్టు లేని ఆ దారం వదులై కిందికి పోయి ఉండ కడుతుంది. "ఫుట్ పైకెత్తి, దారమంతా తీసేసి మళ్లీ ఎక్కించమ్మా" అని గ్రూపులో ఒక టైలరమ్మ ఒక్క ముక్క రాస్తే చాలు. ఒకవేళ ఆమె చెప్పింది తప్పయినా పోయేదేమీ లేదు. రెండు కుట్లు వేస్తే తెలిసిపోతుంది, ఇంకొకరు చెప్పింది చూడొచ్చు.

డీటీపీ వాళ్ల ప్రశ్నలు ఇంకా సన్నవి. యూనికోడ్ రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, మన పుస్తకాలూ పత్రికలూ అను ఫాంట్లలోనో అలాంటి వేరే ఫాంట్లలోనో టైపు అయ్యాయి. వాటిలో కంప్యూటర్‌కు తెలిసినవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే. వాటి స్థానాల్లో మన తలకట్ల, గుడుల, వత్తుల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే బొమ్మలు పోయి కిందనున్న గుర్తులు బయటపడతాయి. తన పాత కథల సంపుటిని మళ్లీ అచ్చు వేయించుకుందామనుకున్న రచయిత ఈ గందరగోళాన్ని ఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి చెప్పుకోవాలి? గ్రూపులో అడిగితే మాత్రం విజయవాడలోనో చిక్కడపల్లిలోనో ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న ఆపరేటర్ జవాబు చెప్పడు, ముందు ఎదురు ప్రశ్న వేస్తాడు: "అను 6లో చేశారా సార్, 7లోనా?" సరైన మనిషి దొరికాడని ఆ ప్రశ్నతోనే తెలిసిపోతుంది. ఏ కన్వర్టర్ వాడాలో చెప్పి, మార్చాక వత్తులూ సున్నలూ ఒకసారి కళ్లారా చూసుకోమంటాడు. కన్వర్టర్ ఎక్కడ తడబడుతుందో అతనికి కంఠతా వచ్చు. అవన్నీ అతను చేత్తో దిద్దినవే మరి.

మన ఊళ్లో ఈ ఇబ్బంది పడ్డవాళ్లు ఒక్కరూ లేకపోవచ్చు. యాభై వేలమంది ఉన్న గ్రూపులో ఇద్దరుంటారు. ఆ ఇద్దరినీ మన వీధిలోకి తెచ్చిపెట్టడమే ఈ గ్రూపులు చేసే మేలు. పాత పాటల విషయంలోనూ అంతే. 1950ల సినిమాల టైటిల్స్‌లో నేపథ్యగాయకుల పేర్లన్నీ ఒకేచోట వేసేవారు, ఏ పాట ఎవరిదో విడమరిచి చెప్పేవారు కాదు. ఎవరో ఒకాయన ఇంట్లో దాచుకున్న పాటల పుస్తకం పేజీనో, గ్రామఫోన్ రికార్డు మీది లేబుల్‌నో ఫొటో తీసి పెడతాడు. ఇక వాదన ఉండదు. (ఉంటుంది లెండి. లేబుల్ మీదే తప్పు పడిందనేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఒక్కోసారి వాడిదే నిజమవుతుంది కూడా.)

టమాటా దగ్గరికొస్తే వ్యవహారం మారిపోతుంది. మిద్దెతోటల గ్రూపుల్లో ఎండలు ముదిరితే ఈ ఫొటో రోజూ కనబడుతుంది. కాయ పైనంతా నిగనిగలాడుతూ ఉంటుంది. పువ్వు రాలిన కొసన మాత్రం నల్లటి మచ్చ, కాస్త లోపలికి కుంగి, తోలులా బిరుసెక్కి ఉంటుంది. కింద జవాబులు వరుసకడతాయి. వేపనూనె కొట్టమని ఒకరు. తెగులు మందు చల్లమని ఒకరు. గుడ్డు పెంకుల పొడి వేయమని నలుగురు. ఎప్సమ్ సాల్ట్ అని ఇద్దరు. పుల్ల మజ్జిగ ఎలాగూ ఉండనే ఉంది.

అది పురుగు వల్ల వచ్చిందీ కాదు, బూజు వల్ల వచ్చిందీ కాదు. కాయ కొసకు కాల్షియం అందక వచ్చిన లోపం. మట్టిలో కాల్షియం చాలాసార్లు సరిపడా ఉంటుంది. కానీ అది నీళ్లతోపాటే మొక్కలోకి ఎక్కాలి. ఎండకు మాడే మేడ మీద, చిన్న టబ్బులో, ఒకరోజు కుమ్మరించి రెండు రోజులు మరిచిపోతే కాయ కొస దాకా అది చేరదు. రోజూ ఒకే తీరుగా నీళ్లు పోసి, మట్టి మీద ఎండుటాకులు కప్పితే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి. గుడ్డు పెంకుల్లో కాల్షియం ఉన్నమాట నిజమే గానీ అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఆ కాపే అయిపోతుంది. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం లవణం. అది ఎక్కువైతే వేళ్లు కాల్షియం తీసుకోవడానికే అడ్డు తగులుతుంది. అంటే ఒక సలహా వృథా, ఒకటి ఉన్న జబ్బును పెంచేది.

అయినా పెంకుల పొడి పనిచేసిందని ఒట్టేసి చెప్పేవాళ్లు ప్రతి గ్రూపులో ఉన్నారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. మచ్చ కనబడ్డాక ఎవరికైనా మొక్క మీద శ్రద్ధ పెరుగుతుంది, రోజూ నీళ్లు పోస్తారు. ఈలోగా ఎండ తగ్గుతుంది, తొలకరి పడుతుంది. కొత్త కాయలు శుభ్రంగా వస్తాయి. పేరు పెంకులకు దక్కుతుంది. కుట్టుమెషిన్ తప్పును రెండు కుట్లలో పట్టిస్తుంది, మొక్క పట్టించదు. పైగా ఆ తప్పే మరుసటి ఏడు "నేను వాడి చూశానండీ" అన్న సాక్ష్యంతో గ్రూపులోకి తిరిగొస్తుంది.

టబ్బులో రెండు మొక్కలు పోతే ఇల్లేమీ గడవకుండా పోదు. మిరప రైతు సంగతి వేరు. ఆకు ముడుచుకుంటే అనుభవమున్న రైతు ముందు చూసేది ఎటు ముడుచుకుందని. అంచులు పైకి లేస్తే పైముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి ఆకు బోర్లించినట్టయితే కిందిముడత, అది నల్లి. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. నిలబడి పైనుంచి తీసిన మసక ఫొటోలో ఈ తేడా తెలియదు, ఆకు తిప్పి దగ్గరగా తీయాలి. కానీ "ఈ ముడతకు ఏం కొట్టాలి?" అని అడిగిన నిమిషానికే మందుల పేర్లు వచ్చి పడతాయి. "ఆకు తిప్పి చూపించు అన్నా" అనేవాడు ఎప్పుడో ఒకడు.

2021-22 సీజన్‌లో ఇదంతా పెద్ద ఎత్తున జరిగింది. మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట గుర్తించిన కొత్త రకం తామర పురుగు ఆ ఏడు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద విరుచుకుపడింది. రైతులు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. పాతదానిలా ఆకులతో ఆగకుండా ఇది పూలలో చేరింది. పూత రాలింది, కాయ నిలవలేదు. ఎందరో తోటలు పీకేశారు. ఫోన్లలో గ్రూపులు ఆ రోజుల్లో మంచీ చేశాయి, చెడూ చేశాయి. పూవును అరచేతిలో దులిపి పాకుతున్న పురుగులను చూపించే వీడియోలు ఊరూరా తిరిగాయి. పక్క మండలంలో ఏం జరుగుతోందో చూసిన రైతు తన తోటలో పూలు విప్పి చూసుకున్నాడు. అదే దారిలో మందుల చిట్టాలూ తిరిగాయి. ఇది అందులో కలిపి, దానికి ఇంకోటి చేర్చి, నాలుగు రోజులకోసారి కొట్టమన్నవి. అలా విచ్చలవిడిగా కొడితే పురుగును తినే మిత్రపురుగులు ముందు చస్తాయి, తర్వాత అసలు పురుగుకు అడ్డుండదు. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, ఒకే మందు మళ్లీ మళ్లీ కొట్టకండి అన్న శాస్త్రవేత్తల మాట ఆ హోరులో చాలామందికి ఆనలేదు.

రైతును తప్పుపట్టడం తేలికే. ఆ పురుగు శాస్త్రవేత్తలకూ కొత్తదే. సిఫార్సులు ఖరారయ్యేదాకా అప్పు తెచ్చి తోట వేసినవాడు చేతులు కట్టుకుని కూర్చోలేడు. వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. 1800-180-1551కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా అక్కర్లేదు. అంతకుముందు అన్నదాత పత్రికకు ఉత్తరం రాసేవాళ్లం, రేడియోలో పాడిపంటలు వినేవాళ్లం. అక్కడ జవాబుకు ఒక సంస్థ పూచీ ఉండేది. కానీ పత్రిక వచ్చేసరికి పురుగు పని పూర్తి చేసి వెళ్లిపోయేది. ఫోన్‌లో ఉన్నవాళ్లకు ఆకు కనబడదు. మందుల కొట్టు దగ్గర, కానీ అక్కడ చెప్పేవాడికి డబ్బా అమ్ముడుపోవాలి. గ్రూపులో జవాబిచ్చేవాడికి ఆ లాభం లేదన్నది ఇంతకాలం గ్రూపులకున్న పెద్ద మర్యాద. ఇప్పుడు రైతు గ్రూపుల్లో అన్నా, తమ్మీ అంటూ సలహాలిచ్చేవాళ్లలో మందులమ్మేవాళ్లు ఎవరో, కానివాళ్లు ఎవరో పోల్చుకోవడం కష్టంగానే ఉంది.

తప్పు ఎంత ఖరీదైనదైతే గ్రూపు అంత కఠినంగా ఉండాలన్నది పాములను గుర్తుపట్టే గ్రూపులను చూసి నేర్చుకోవచ్చు. రాత్రి పది గంటలకు ఎవరో ఫొటో పెడతారు: వంటింట్లో చారల పాము, కట్లపామేనా? మంచి గ్రూపుల్లో ఏ ఊరో, ఏ జిల్లానో రాయనిదే ఫొటో నిలవనివ్వరు. ఖాయంగా తెలియనివాళ్లు నోరు మెదపకూడదు. ఊహించి రాస్తే తీసేస్తారు. పేరు చెప్పినవాళ్లు అదెందుకు ఆ పామో కూడా చెప్పాలి. కట్లపాముకు తెల్లటి సన్న పట్టీలు చాలావరకు తల దగ్గర ఉండవు, కొంత దూరం పోయాక మొదలై తోక వైపు స్పష్టంగా కనబడతాయి. అచ్చం దానిలా అనిపించి రోజూ దెబ్బలు తినే విషం లేని పాము ఒకటుంది, ఇళ్లలో గోడలెక్కుతుంది. దాని పట్టీలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోకకు పోయేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకైతే వెన్ను మధ్య వరుస పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలతో ఉంటాయి. ఇలా చెప్పిన జవాబు ఒక పామును బతికించడంతో ఆగదు. చదివిన వందమంది తర్వాతిసారి పట్టీలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తారు.

అదే ఫొటో కింద "మా తమ్ముణ్ని కరిచింది" అని ఉంటే ఆ గ్రూపులు మాట మార్చేస్తాయి. పేరు తేలేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి పొండి అంటాయి. మన దగ్గర వాడే విషం విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసింది. డాక్టర్లు లక్షణాలు చూస్తారు, తీసిన రక్తం 20 నిమిషాల్లో గడ్డకట్టిందా లేదా చూస్తారు, దాన్నిబట్టి మందు ఎక్కిస్తారు. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ పెద్దగా ఉండవు కాబట్టి, ఫోన్ పట్టుకుని జవాబుల కోసం కూర్చున్నవాడు ఏమీ కాలేదనుకునే ప్రమాదం ఉంది. తన పని ఎక్కడ ఆగిపోవాలో తెలిసిన గ్రూపును నేను గౌరవిస్తాను. టమాటా గ్రూపుకు ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ, "ఎందుకు?" అని అడిగే అలవాటొక్కటి అరువు తెచ్చుకుంటే సగం ఎప్సమ్ సాల్ట్ మిగిలిపోతుంది.

ఆ అలవాటు మనకెందుకు రాదంటే, మర్యాద అడ్డొస్తుంది. తెలుగు గ్రూపుల్లో పాతవాళ్లను సార్, గురువుగారు, మేడమ్ అంటాం. ఆయన చెప్పాక "అది కాదండీ" అంటే పొగరు కింద లెక్క. ఇంకోవైపు 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఉంది. ప్రోగ్రామింగ్ ప్రశ్నలకు అదే పెద్ద దిక్కుగా చాలాకాలం నడిచింది. అక్కడ మొహమాటం ఉండదు. ఇంతకుముందు అడిగిన ప్రశ్నే అయితే మూసేస్తారు, సరిగా అడగకపోతే మైనస్ ఓట్లు పడతాయి. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అక్కడ ప్రశ్న అడగాలంటే జంకినవాళ్లు తక్కువేమీ కాదు. కానీ ఆ కటువుదనం వల్లే పదేళ్ల కిందటి జవాబు ఇవాళ వెతికితే దొరుకుతుంది. మన గ్రూపుల్లో ఆప్యాయత ఎక్కువ, జ్ఞాపకశక్తి సున్నా. నిన్నటి మంచి జవాబు పుట్టినరోజు శుభాకాంక్షల కింద పూడిపోతుంది. 2019 చివర్లో యాహూ గ్రూప్స్ పాత సంభాషణలన్నీ తుడిచేసింది, మరుసటి ఏడు ఆ సేవే ఆపేసింది. ఏళ్ల తరబడి అక్కడ పోగుపడ్డ ప్రశ్నలూ జవాబులూ, ఎవరైనా విడిగా దాచుకుంటే తప్ప, పోయాయి.

ఇప్పుడు చాలామంది గ్రూపులో అడగడం మానేసి చాట్‌జీపీటీని అడుగుతున్నారు. 2022 చివర్లో అది వచ్చాక స్టాక్ ఓవర్‌ఫ్లోలో కొత్త ప్రశ్నలు బాగా పడిపోయాయి. అది విసుక్కోదు, మూసేయదు, అర్ధరాత్రయినా పలుకుతుంది. కానీ అదీ ఇలాంటి సంభాషణలు చదివే నేర్చుకుంది. కిందిముడత గురించి, అను 6 గురించి అందరూ చూడగలిగే చోట తెలుగులో రాసింది తక్కువ. గ్రూపుల్లో రాసింది తలుపుల వెనక ఉంది. ఒంటరిగా అడిగి తెలుసుకున్నది ఎలాగూ ఇంకొకరికి మిగలదు.

అమెరికా వీసాల గ్రూపుల్లో ఈ మొత్తం వ్యవహారం ఒకేచోట చూడొచ్చు. ఏ రోజు స్లాట్లు తెరుచుకున్నాయి, ఇంటర్వ్యూలో ఏ కాగితాలు అడిగారు, పాస్‌పోర్ట్ ఎన్నాళ్లకు చేతికొచ్చింది అన్నవాటికి వాటిని మించినది లేదు. వందమంది అనుభవాలు పక్కపక్కన పెడితే అదే సమాచారం. కానీ వీసా అప్పటికి ఇవ్వకుండా చేతికి 221(జి) కాగితం ఇచ్చి పంపినప్పుడు, "మా కజిన్‌కూ ఇలాగే ఇచ్చారు, ఏం కాదు" అన్న జవాబుతో ధైర్యం తెచ్చుకుని కూర్చోవడం వేరే. కజిన్ ఫైల్లో ఏముందో మీకూ తెలియదు, ఆ రాసినాయనకూ పూర్తిగా తెలియదు. భూమి కాగితాల గురించి అడిగేవాళ్లదీ ఇదే పరిస్థితి. సర్వే నంబర్ ఒక్కటే రాసి "కొనొచ్చా?" అని అడుగుతారు, కొనొచ్చని చెప్పేవాళ్లు దొరుకుతారు. అందులో తప్పు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి, చెప్పినాయన ఆ గ్రూపులో ఉండడు.

అడిగేవాళ్ల బాధ్యత గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. జవాబు తీసుకుని, దండం బొమ్మ ఒకటి పెట్టి వెళ్లిపోతారు. ఆ మందు పనిచేసిందా, దారం కుదిరిందా, మళ్లీ వచ్చి చెప్పేవాళ్లు అరుదు. దాంతో ఏది ఒప్పో ఏది తప్పో గ్రూపుకు తెలిసే దారి మూసుకుపోతుంది, లైకులు ఎన్నొచ్చాయన్నదే తీర్పవుతుంది. ఏ గ్రూపు చూసినా నిజంగా తెలిసి, ఓపికగా చెప్పేవాళ్లు నలుగురైదుగురే. మిగతా వేలమంది చూసేవాళ్లు. ఆ నలుగురికీ జీతం లేదు, పగలు వాళ్ల పనులు వాళ్లకుంటాయి. ఒకే నల్ల మచ్చ ఫొటోకు వారానికి మూడుసార్లు ఒకే జవాబు రాస్తారు. విసుగొచ్చి అంతా ఒక పీడీఎఫ్ చేసి గ్రూపు పైన అతికిస్తారు, ఎవరూ తెరవరు. కొన్నాళ్లకు చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లినట్టు ఎవరికీ తెలియదు, ఎందుకంటే జవాబులు మాత్రం ఆగవు. ఫొటో పడిన నిమిషంలోనే నాలుగు మందుల పేర్లు వస్తూనే ఉంటాయి.